తడలో కుట్టిన షూ కూడా మనకు దిగుమతే

ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చిన విదేశీయులు, పదేళ్లు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి కోకాపేటలో ఫ్లాటు కొనుక్కుని తిరిగొచ్చేసిన మనవాళ్లు, అందరి నోటా ఒకే ఫిర్యాదు. అక్కడ అలవాటైన రన్నింగ్ షూ ఇక్కడ దొరకదు. దొరికితే ధర చూసి గుండె గుభేలుమంటుంది. వియత్నాంలో తయారయ్యే షూ పసిఫిక్ దాటి అమెరికా వెళ్తే చవగ్గా, పక్కనే ఉన్న మన దేశానికొస్తే ప్రియంగా ఎలా ఉంటుందని అడుగుతారు. చాలామంది దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, కంపెనీలు దోచుకుంటున్నాయని. లెక్క కట్టి చూస్తే ఆ ధరలో పెద్ద భాగం షూ సరిహద్దు దాటే తీరులో పుడుతోంది. దాన్ని మార్చగలిగేది ప్రభుత్వమే.

ముందు పోలిక సరిగ్గా చేయాలి. అమెరికా షాపులో చీటీ మీద కనిపించేది పన్ను కలపని ధర. న్యూజెర్సీలో బట్టలకూ మామూలు షూలకూ సేల్స్ టాక్స్ లేదు కాబట్టి అక్కడినుంచి వచ్చినవాళ్ల మనసులో అదే అసలు ధరగా ఉండిపోతుంది. డాలస్‌లో అదే షూకి 8.25 శాతం అదనంగా కట్టాలి. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, అలా ముద్రించాలన్నది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధన. ఈ సర్దుబాటు చేశాక, పేరున్న రన్నింగ్ మోడళ్లలో చాలావాటికి అసలు ధర దగ్గర తేడా ఊహించినంత ఉండదు. తేడా ఉన్నది డిస్కౌంటులో. అమెరికాలో కొత్త వెర్షన్ రాగానే పాతది అన్ని సైజుల్లోనూ సగానికి సగం ధరకు దిగుతుంది, ఔట్‌లెట్ షాపుల్లో గుట్టలుగా ఉంటుంది. ఇక్కడ డిస్కౌంటు పడేసరికి మిగిలేవి యూకే 7, 8 సైజులు. పన్నెండో నంబరు కాలికి డిస్కౌంటు అనేదే తగలదు. దుబాయ్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకా కష్టంగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ కస్టమ్స్ సుంకం 5 శాతం, 2018లో వచ్చిన వ్యాట్ మరో 5 శాతం, అంతే.

ఇప్పుడు మన లెక్క. 2018 బడ్జెట్‌కు ముందు పాదరక్షల దిగుమతి సుంకం 10 శాతం. ఆ బడ్జెట్‌లో 20 చేశారు, అదే ఏడాది సెప్టెంబరులో 25, 2020 బడ్జెట్‌లో 35. దానిమీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి కలిపితే 38.5. 2025 బడ్జెట్‌లో సుంకాన్ని 20కి తగ్గించినట్టు పత్రికలు రాశాయి. నిజమే గానీ, దాని పక్కనే 18.5 శాతం వ్యవసాయ సెస్సు వేసి సర్‌ఛార్జి తీసేశారు. కూడితే మళ్లీ 38.5. కొనేవాడికి పైసా తగ్గలేదు.

ఈ 38.5 శాతం ఎమ్మార్పీ దాకా వెళ్లేసరికి ఎంతవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవి, క్రమం మాత్రం నిజంగా జరిగేదే. షూ ఓడరేవుకు చేరేసరికి రవాణా, బీమాతో కలిపి 2,300 రూపాయలు అనుకుందాం. సుంకం 886. మొత్తం 3,186. దిగుమతి దగ్గర కట్టే 18 శాతం ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వెనక్కొస్తుంది కాబట్టి దాన్ని ఖర్చులో కలపక్కర్లేదు, డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుంటుంది, అంతే. ఇక్కడినుంచి బ్రాండు భారతీయ కంపెనీ తన గోదాములు, జీతాలు, ప్రకటనలు, అమ్ముడుపోక మిగిలే సరుకు అన్నీ చూసుకుని దాదాపు 1.9 రెట్లు వేసి 6,059కి షాపుకిస్తుంది. షాపువాడు తన అమ్మకపు ధరలో 35 శాతం మార్జిన్ ఉంచుకుంటే 9,321. దానిమీద 18 శాతం జీఎస్టీ, 10,999. ఇప్పుడు ఇదే గొలుసును సుంకం లేకుండా నడపండి. 2,300 నుంచి మొదలుపెడితే ఎమ్మార్పీ సుమారు 7,940 దగ్గర ఆగుతుంది. అంటే ప్రభుత్వానికి చేరిన సుంకం 886, దానివల్ల కొనేవాడి జేబుకు పడిన చిల్లు 3,059. మధ్యలోవాళ్లు మోసం చేయనక్కర్లేదు. అందరూ మార్జిన్‌ను శాతాల్లో లెక్కేసుకుంటారు, అద్దె కూడా చాలా మాల్స్‌లో అమ్మకాల్లో శాతమే. అడుగున చేరిన ప్రతి రూపాయీ పైకి వచ్చేసరికి మూడున్నర అవుతుంది. దిగుమతి సుంకం గురించి రాసేవాళ్లు తరచూ వదిలేసే విషయం ఇదే.

ఇంకో మెలిక ఉంది. బ్రాండు భారతీయ కంపెనీ తన మాతృసంస్థకు అమ్మకాల మీద రాయల్టీ కడుతుంది. దిగుమతి చేసుకున్న సరుకుకు సంబంధించినదై, ఆ సరుకు కొనాలంటే కట్టి తీరాల్సినదైతే, 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ నిబంధనల పదో నిబంధన ప్రకారం ఆ రాయల్టీని కూడా షూ విలువలో కలిపి సుంకం వేస్తారు. కొన్నవాడూ అమ్మినవాడూ ఒకే గ్రూపు కంపెనీలైతే ఫైలు కస్టమ్స్ శాఖలో ఇలాంటి ధరలను విచారించే స్పెషల్ వాల్యుయేషన్ బ్రాంచికి వెళ్తుంది. ఆ విచారణ తేలేదాకా కంపెనీ ముందు జాగ్రత్తగా ధరలో కొంత అదనం ఉంచుకుంటుంది. రబ్బరుకూ ఫోముకే కాక పేరుకు కూడా మనం సుంకం కడుతున్నాం.

వియత్నాం, ఇండోనేషియా నుంచి వచ్చేవాటికి ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం కింద సుంకంలో రాయితీ ఉంది కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. ఉంది. దానికి షూ అక్కడే తయారైందని ఆ దేశపు అధికారులిచ్చే మూలధ్రువపత్రం కావాలి, షూ విలువలో కనీసం 35 శాతం ఆసియాన్‌లో చేరినదై ఉండాలి, కస్టమ్స్ జాబితాలో వస్తువు వర్గం (టారిఫ్ ఉపశీర్షిక) మారేంత పని అక్కడ జరిగి ఉండాలి. 2020లో వచ్చిన, మూలం రుజువు చేయడానికి సంబంధించిన కరోటార్ నిబంధనల తర్వాత ఈ వివరాలకు దిగుమతిదారే బాధ్యుడు. పత్రం ఒకటి చూపి సరిపెట్టుకోవడం కుదరదు. చైనాలో చేసిన పైభాగం, సోలు తెచ్చి వియత్నాంలో అతికించిన షూ ఈ పరీక్షలో చిక్కుకుంటుంది. రాయితీ దొరికిన మోడల్‌కైనా ఎమ్మార్పీ విడిగా తగ్గించరు. ఒకే షెల్ఫు మీద చైనా షూ, వియత్నాం షూ పక్కపక్కన ఉన్నప్పుడు ధరల మెట్లు మోడల్ స్థాయిని బట్టి కడతారు, ఏ ఓడలో వచ్చిందన్నదాన్ని బట్టి కాదు. ఇక్కడ మాత్రం కంపెనీలను తప్పుపట్టాల్సిందే. సుంకం పెరిగినప్పుడు ధర పెరుగుతుంది, సుంకం తప్పించుకున్నప్పుడు లాభం పెరుగుతుంది.

ఇక తడ సంగతి. తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులో అపాచీ కంపెనీ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) అడిడాస్ షూలు తయారవుతున్నాయి. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలమంది అక్కడ కుట్టు మిషన్ల దగ్గర పనిచేస్తున్నారు. అదే తడ పక్కన శ్రీసిటీలో జపాన్ కంపెనీల ఇంజనీర్లు ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ ఇంజనీరు నెల్లూరులో షూ కొనాలంటే, మాంబట్టులో కుట్టిన జత అయినా సరే, అది చట్టం దృష్టిలో దిగుమతి సరుకు. 2005 సెజ్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం సెజ్ నుంచి దేశీయ మార్కెట్లోకి వచ్చే వస్తువు మీద విదేశం నుంచి వచ్చినట్టే కస్టమ్స్ సుంకం పడుతుంది. సోలు కోసం తెచ్చిన విదేశీ రసాయనం మీద మాత్రమే వేస్తే అర్థం చేసుకోవచ్చు. మన కరెంటు, మన నీళ్లు, మనవాళ్ల కూలి కలిసిన పూర్తి షూ విలువ మీద వేయడం ఏ పరిశ్రమను కాపాడటానికో నాకు అంతుపట్టదు. 2026 బడ్జెట్‌లో సెజ్ తయారీ యూనిట్లకు, ఎగుమతుల్లో కొంత నిష్పత్తి మేరకు, రాయితీ సుంకంతో దేశంలో అమ్ముకునే వీలు ఒక్కసారికి కల్పిస్తామన్నారు. ఒక్కసారికి అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. ఒక్క ఏడాది వెసులుబాటును నమ్ముకుని ఏ బ్రాండూ దేశీయ మార్కెట్‌కు కొత్త లైను పెట్టదు.

సెజ్ బయట తయారుచేద్దామన్నా దారి సాఫీగా లేదు. సోళ్లు, పైభాగాల వంటి విడిభాగాల మీద సుంకాన్ని 2020లోనే 15 నుంచి 20 శాతానికి పెంచారు. ఖరీదైన రన్నింగ్ షూల్లో వాడే తేలికపాటి ఫోము మిడ్‌సోళ్లు ఎక్కువగా బయటినుంచి రావాల్సినవే. ఆ అచ్చులూ యంత్రాలూ ఇక్కడ స్థిరపడేదాకా భాగం మీద సుంకం కట్టి అతికించుకోవాలి.

ధర తర్వాత దొరకకపోవడం. దీనికి అసలు కారణం, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు ఉన్న షూలే అమ్మాలనే నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు. 2020లో జారీ చేసి, పలుమార్లు వాయిదా వేసి, పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2023 జులై 1 నుంచి అమలు చేశారు. సవరించిన ఉత్తర్వు 2024 ఆగస్టు 1 నుంచి వచ్చింది. స్పోర్ట్స్ షూలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15844. లైసెన్సు బ్రాండుకు ఇవ్వరు, షూ తయారయ్యే ప్రతి ఫ్యాక్టరీకీ విడిగా ఇస్తారు. విదేశీ ఫ్యాక్టరీ అయితే బీఐఎస్ అధికారులు వెళ్లి తనిఖీ చేయాలి, ఇండియాలో ఒక అధీకృత ప్రతినిధి ఉండాలి, 10,000 డాలర్ల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, నమూనాలు పరీక్షల్లో నెగ్గాలి. ఒక పెద్ద బ్రాండు మోడళ్లు నాలుగైదు దేశాల్లో పదుల ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. లైసెన్సున్న ఫ్యాక్టరీలో తయారైన మోడలే ఇక్కడికొస్తుంది. పక్క ఫ్యాక్టరీలో తయారైన అదే బ్రాండు ట్రైల్ షూ రాదు, వెడల్పు రకం రాదు. ఏడాదికి కొన్ని వందల జతలు అమ్ముడయ్యే మోడల్ కోసం ఎవరూ ఇంత తతంగం పెట్టుకోరు. ఈ ఉత్తర్వు వల్ల నాసిరకం సరుకు రావడం తగ్గిందనీ, తైవాన్ తయారీదారులు తమిళనాడులో చెయ్యారు, కళ్లకురిచ్చి వైపు పెట్టుబడి పెట్టడానికి అదీ ఒక కారణమనీ సమర్థించేవాళ్లున్నారు. రెండో మాటలో నిజముంది. కానీ ప్రపంచంలో కఠినమైన మార్కెట్లన్నిటిలో అమ్ముడవుతున్న షూను మళ్లీ ఇక్కడ సోలు ఊడుతుందా లేదా అని పరీక్షించడంలో వినియోగదారుడికి దక్కిందేమిటో చూపించాలి.

దొరకని సరుకు చుట్టూ చిన్న వ్యాపారం పుడుతుంది. సామానులో నాలుగైదు జతలు తెచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్లు అడిగిన ధరకు బేరం ఉండదు. వారంటీ లేదు, సైజు సరిపోకపోతే మార్పిడి లేదు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, ఎందుకంటే వాళ్లకు ఆ ఒక్క మోడలే కావాలి. స్థానికంగా పెరిగినవాడు దొరికిన నాలుగింటిలో ఒకటి తీసుకుంటాడు.

సైజు దగ్గర డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇక్కడ పెట్టెల మీద ముందు కనిపించేది యూకే సైజు. అమెరికన్ సైజు నుంచి ఒకటి తీసేస్తే యూకే వస్తుందన్న సూత్రం నైకీ, ఆసిక్స్ పురుషుల షూలకు సరిపోతుంది. యూఎస్ 10 అంటే యూకే 9. అడిడాస్, న్యూ బ్యాలెన్స్ విషయంలో అర సైజే తేడా, యూఎస్ 10 అంటే యూకే 9.5. ఈ అర సైజు తెలియక ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వేలి చివర నల్లబడేదాకా తొడిగేవాళ్లున్నారు. షూ నాలుక (లేసుల కింది పట్టీ) లోపలి లేబుల్ మీద సీఎం లేదా జేపీ అని ఉన్న అంకె చూడండి. పైన చెప్పిన నాలుగు బ్రాండ్లలోనూ యూఎస్ 10కి అది 28 సెంటీమీటర్లే. పాత షూ మీద ఆ అంకె రాసిపెట్టుకుంటే యూకే, యూఎస్ గొడవే ఉండదు. వెడల్పు వేరే విషయం. పురుషుల్లో డి మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ మరీ వెడల్పు. స్త్రీలలో బి మామూలు, డి వెడల్పు. ఇక్కడి షాపుల్లో వెడల్పు రకాలు పెద్దగా పెట్టరు, దాంతో చాలామంది ఒక సైజు పెద్దది కొని సరిపెట్టుకుంటారు. అలా కొంటే షూ వంగే చోటు మీ పాదం వంగే చోటుకు ముందుకెళ్లిపోతుంది, మడమ జారుతుంది, పది కిలోమీటర్లకే బొబ్బలు. మనవాళ్ల పాదాలు ముందుభాగంలో వెడల్పని చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా పాదాలు కొలిచి తేల్చింది కూడా. అయినా వెడల్పు రకాలు తెప్పించకపోవడం బ్రాండ్ల బద్ధకమే.

బయటినుంచి పార్సిల్‌లో తెప్పించుకోవడం గురించి పాత భయాలు ఇంకా తిరుగుతున్నాయి, వాటికి కారణముంది. వ్యక్తిగత వాడకం కోసం పోస్టులో, కొరియర్‌లో వచ్చే వస్తువులన్నీ కస్టమ్స్ జాబితాలో 9804 అనే ఒకే శీర్షిక కిందికొస్తాయి. 2024 దాకా దానిమీద 35 శాతం సుంకం, సర్‌ఛార్జి, ఆపైన 28 శాతం ఐజీఎస్టీ, అన్నీ కలిపి 77.28 శాతం. 8,000 రూపాయల షూకి విమాన ఖర్చు 3,000 అయితే, వాల్యుయేషన్ నిబంధన ప్రకారం రవాణాను వస్తువు విలువలో 20 శాతానికి మించి కలపకూడదు కాబట్టి 1,600, బీమా 1.125 శాతం కింద 90, మొత్తం 9,690 మీద పన్ను 7,488. చేతికందేసరికి 18,488, కొరియర్ వాడి సేవా రుసుము వేరే. 2025 బడ్జెట్‌లో ఈ సుంకం 20 శాతానికి దిగింది, 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల్లో 28 కాస్తా 18 అయ్యింది, 2026 బడ్జెట్‌లో సుంకాన్ని 10 శాతానికి తగ్గిస్తున్నట్టు చెప్పారు. ఆ రేట్ల మీద అదే షూకి పన్ను సుమారు 3,000. అంటే వెయ్యి జతలు తెచ్చే దిగుమతిదారు 38.5 శాతం సుంకం కడుతుంటే, ఒక్క జత తెప్పించుకునేవాడు 10 కడతాడు. విధానంగా ఇది తలకిందులు. కానీ పన్నెండో సైజు, 4ఈ వెడల్పు కావాల్సినవాడికి ఇప్పుడు ఇదే మేలైన దారి. బిల్లు అసలుది పెట్టండి, పార్సిల్‌లో ఒకటి రెండు జతలకు మించనివ్వకండి, కొరియర్ అడిగే కేవైసీకి పాస్‌పోర్టు లేదా ఆధార్ ముందే పంపండి. గిఫ్ట్ అని రాయిస్తే పన్ను ఉండదన్నది 2019 డిసెంబరుతో పోయిన సంగతి. ఆ మాట రాసి తక్కువ విలువ చూపితే సరుకు ఆగుతుంది, జరిమానా పడుతుంది. సైజు తప్పితే తిరిగి పంపడం లాభసాటి కాదు కాబట్టి ఇంతకుముందు వేసుకుని నిర్ధారించుకున్న మోడల్, అదే వెర్షన్ మాత్రమే తెప్పించుకోవాలి. వెర్షన్ నంబరు మారితే అచ్చు మారిపోయి ఉండొచ్చు.

సామానులో తెచ్చుకునేవాళ్లకు 2016 నిబంధనల్లో 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉండేది, ఆ పరిమితిని తర్వాత పెంచారు. బయలుదేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఆ రోజు పరిమితి చూసుకోండి. రెండు జతలు తెచ్చుకోవడం చాలు. నాలుగేళ్లకు సరిపడా తెచ్చి అటకెక్కిస్తే, పాలీయురెథేన్ మిడ్‌సోలు ఉన్నవి విశాఖ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లలో తేమ పట్టి, వేసుకోకుండానే పొడిపొడిగా రాలిపోతాయి. ఈవీఏ ఫోము అలా రాలదు గానీ ఎండకు జిగురు వదులుతుంది. ఇక్కడ డిస్కౌంటులో కొనేటప్పుడు కూడా ఇదే చూడాలి. పెట్టె మీద నెల, ఏడాది ఉంటాయి, నాలుక లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. రెండూ మూడేళ్ల కిందటివైతే డిస్కౌంటు ఎంతైనా వదిలేయండి. నకిలీల విషయంలో, నాలుక లేబుల్ మీది మోడల్ కోడు పెట్టె మీది కోడుతో కలవాలి, ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. ఆ నంబరు ఏ దేశంలో ఏ ఫ్యాక్టరీదో యాప్ చెప్తుంది. లేబుల్ మీద వియత్నాం అని, యాప్‌లో ఇంకో దేశం వస్తే అది ఫస్ట్ కాపీయే.

దేశీయ పరిశ్రమను కాపాడాలి కదా అనే వాదనను నేను తేలిగ్గా తీసేయను. ఆగ్రాలో, బహదూర్‌గఢ్‌లో లక్షలమంది దీనిమీద బతుకుతున్నారు. కానీ వాళ్లు చేసే షూ 800, 1,500 రూపాయలది. దానికి పోటీ చౌక చైనా సరుకు, పదివేల రన్నింగ్ షూ కాదు. ధరల అడుగున కాపలా కావాలంటే జతకు ఇన్ని రూపాయలని కనీస సుంకం వేయొచ్చు, అది చౌక సరుకును ఆపుతుంది, ఖరీదైన షూ మీద కొద్దిగానే పడుతుంది. బ్రెజిల్ 2010లో చైనా షూల మీద జతకు 13.85 డాలర్ల యాంటీ డంపింగ్ సుంకం వేసింది ఆ పద్ధతిలోనే. మనం శాతాల్లో వేసి పైమెట్టును కొడుతున్నాం, ఆ మెట్టు మీద మన కంపెనీలు ఇంకా లేవు. 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల్లోనూ 2,500 రూపాయల్లోపు జతకు 5 శాతం, దాటితే 18 శాతం అని గీత గీశారు. ప్లాంటార్ ఫాసియైటిస్‌తో మడమ నొప్పి పడుతూ మెత్తటి షూ వేసుకోమని డాక్టరు చెప్పిన గుంటూరు టీచరమ్మకు దొరికే షూ ఆ గీతకు పైనే ఉంది. సెజ్ సరుకు మీద వాడిన విదేశీ ముడిసరుకు మేరకే సుంకం శాశ్వతంగా వేయాలి, అమెరికా, యూరప్, జపాన్‌లలో అమ్ముడవుతున్న మోడళ్ల పరీక్ష నివేదికలను బీఐఎస్ అంగీకరించాలి, దిగుమతిదారు సుంకాన్ని పార్సిల్ సుంకం దరిదాపులకు తేవాలి. మూడింటిలో మొదటిది చట్ట సవరణ కోరుతుంది. మిగిలిన రెండింటికీ నోటిఫికేషన్లు చాలు.